లేని మొక్కు

కంచం మళ్ళీ అట్లాగే వెనక్కి వచ్చింది.

గిరిజమ్మ దాన్ని వంటింటి గడప పక్కన దించి చూసింది. సంగటి ముద్ద పెట్టింది పెట్టినట్టే ఉంది. చుట్టూ పోసిన అనపకాయల పితికిపప్పు చల్లారి పొర కట్టింది. ముద్ద నెత్తిన గుంట చేసి వేసిన నెయ్యి పేరుకుపోయింది. ఎక్కడా ఒక్క వేలి గుర్తు లేదు. మంగళవారం సాయంత్రం నుంచి ఈ గురువారం పొద్దుటి దాకా ఇది నాలుగో కంచం. డాక్టరిచ్చిన మందు మింగడానికని నిన్న రెండు గుక్కల పాలు తాగింది కాంచన. అంతే.

దేవుడి గూటి ముందు వత్తులు చేసుకుంటున్న అత్తగారు సుబ్బలక్ష్మమ్మ తల తిప్పకుండానే అడిగింది, పిల్ల ముట్టలేదా అని.

"ముట్టలేదత్తా."

"యాడ ముడతాది? ఈ పొద్దు గురువారం. పిల్లకుండే నిష్ఠ మనకు లేకపాయ. డాక్టరు చెప్పినాడని పొద్దున్నే కంచం పెడితివి."

ఆ మాటలో కోపం లేదు. దిగులుంది, దిగులు కింద కొంచెం గర్వం కూడా ఉంది. ఆ గర్వమే గిరిజమ్మకు మింగుడు పడలేదు.

పడసాలలో పదమూడేళ్ళ కాంచన గోడవైపు తిరిగి పడుకుని ఉంది. దుప్పటి కింద ఒళ్ళు ఉందా లేదా అన్నట్టుంది. ఆరు నెలల కిందట ఈ పిల్లే బడి నుంచి వచ్చీ రాగానే పుస్తకాల సంచి విసిరేసి, అవ్వ ముందు చతికిలబడి, రెండు ముద్దలు మింగి మూడోదానికి చెయ్యి చాచేది.

కాంచన తండ్రి ముద్దుకృష్ణయ్య మండీ అంటే చింతామణిలో తెలియనివాళ్ళు లేరు. ఊరందరికీ రాగులు కొలిచే ఇంటి పిల్ల తిండి లేక పడిపోయిందంటే ఎవరు నమ్ముతారు? ఎవరూ నమ్మలేదు. చూడవచ్చిన అమ్మలక్కలంతా దిష్టి అన్నారు. ఆటాడే పిల్ల, పదిమంది కళ్ళు పడి ఉంటాయి అన్నారు. సుబ్బలక్ష్మమ్మ రెండుసార్లు ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి పొయ్యిలో వేసింది. రెండుసార్లూ ఉప్పు అందించింది గిరిజమ్మే. పడిన కళ్ళు ఎవరివో తెలిసి కూడా అందించింది.

మంగళవారం సంగతి ఇప్పటికీ ఆమె కళ్ళ ముందు నుంచి పోవడం లేదు. చిక్కబళ్ళాపురంలో నాట్యం నేర్పే నరసింహయ్య మేష్ట్రు ఇంటి వసారాలో అభ్యాసం. రథసప్తమి వెళ్ళిన మర్నాడు రంగప్రవేశం, పట్టుమని పది రోజులు లేవు. మేష్ట్రు కర్రతో తాళం వేస్తున్నాడు. కాంచన రెండో కాలం దాటి వేగం హెచ్చే మూడో కాలం ఎత్తుకుంది. గిర్రున తిరిగిన పిల్ల తిరిగినట్టే గచ్చు మీద కూలబడింది. పడుతూ చేతులైనా అడ్డం పెట్టుకోలేదు.

అప్పుడు గిరిజమ్మ మనసులో మొదట మెదిలింది 'అయ్యో నా బిడ్డ' అన్న మాట కాదు. 'ఇంకా పది రోజులే ఉందే' అన్న మాట. బిడ్డ ఆ తర్వాత గుర్తుకు వచ్చింది. రెంటికీ మధ్య రెప్పపాటు కూడా లేదు. కానీ ఏది ముందో ఏది వెనకో ఆమెకు తెలుసు. ఎవరితోనూ చెప్పుకోలేదు. చెప్పుకుంటే తీరేదీ కాదు.

గజ్జెలు విప్పే వ్యవధి లేక అట్లాగే బస్సెక్కించారు. మేష్ట్రు కూడా వెంట వచ్చాడు. చింతామణి చేరేదాకా బస్సు గుంటలో పడినప్పుడల్లా స్పృహ లేని పిల్ల కాళ్ళ దగ్గర గజ్జెలు మోగాయి. బస్సులో జనం వెనక్కి తిరిగి చూశారు.

ఇంటికి వచ్చిన డాక్టరు కంటి రెప్ప కిందికి లాగి చూశాడు. గోళ్ళు చూశాడు. ఒంట్లో రక్తం లేదన్నాడు. పిల్ల ఏమి తింటుందని తల్లిని అడిగాడు. గిరిజమ్మ నోరు తెరిచేలోగా సుబ్బలక్ష్మమ్మ చెప్పేసింది. సోమవారం, గురువారం, శనివారం ఒక్కపొద్దులు, ఈ నెల నుంచి మంగళవారం కూడా, మా కోడలు మొక్కుకున్న మొక్కు, పిల్ల ఒక్కటంటే ఒక్కటి తప్పలేదు అని. డాక్టరు పెన్నుకు మూత పెట్టాడు.

"దేవునికి నేనేమీ చెప్పలేనమ్మా. పిల్లకు మాత్రం తిండి పెట్టండి. మందు ఆ తర్వాతే" అన్నాడు.

అందరి వెనకా గిరిజమ్మ తేలుకుట్టిన దొంగలా నిలబడి ఉంది.

మొక్కు లేదు. ఎప్పుడూ లేదు. ఆ ఇంట్లో అది తనకొక్కతెకే తెలుసని ఆమె అనుకుంటోంది.

*

పోయిన శ్రావణంలో మేష్ట్రు తన దగ్గర నేర్చుకునే పిల్లలందరి చేతా చిక్కబళ్ళాపురంలో పెళ్ళిళ్ళు జరిగే ఛత్రంలో ఒక గంట సేపు ఆడించాడు. ముందు వరసలో బెంగళూరు నుంచి వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు కూర్చున్నారు. కాంచన వచ్చి నమస్కారం చేయగానే ఒకావిడ రెండో ఆవిడ చెవిలో, అంగడోళ్ళ పిల్ల, నెయ్యి బాగా పట్టినట్టుంది అంది. రెండో ఆవిడ చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఆడుతున్న పిల్లకు ఆ మాట వినిపించలేదు. వెనక కూర్చున్న తల్లికి వినిపించింది.

తిరిగి వస్తూ బస్సులో కాంచన వేయించిన వేరుశనక్కాయలు ఒలుచుకుని తింటూ, తాను బాగా ఆడానా అని పదిసార్లు అడిగింది. గిరిజమ్మ ఆ చేతుల్నే చూస్తూ కూర్చుంది. మోచేతి మీద గుంట పడిన బొద్దు చేతులు. అంతకు ముందు ఆ గుంటల్ని ముద్దు పెట్టుకున్న తల్లే, ఆ పొద్దు వాటిని చూసి సిగ్గుపడింది.

ఇంట్లో తిండి తగ్గించడం అయ్యే పని కాదు. మనవరాలికి తన చేత్తో ముద్ద పెడితే గాని సుబ్బలక్ష్మమ్మకు పూట గడవదు. పైగా ఈ ఆట సంగతే ఆమెకు గిట్టదు. కోమటి ఇంటి ఆడపిల్లకు గజ్జెలేమిటని ఏడాది పాటు మొండికేసి, దేవుడి సేవ అని పదిమంది చెప్పాక ఒప్పుకుంది. ఇప్పుడు ఆట కోసం పిల్ల పొట్ట మాడుస్తానంటే గజ్జెలు బావిలో వేస్తుంది.

పెళ్ళికి ముందు పాతపాళ్యలో ఉండగా గిరిజమ్మకూ ఆట పిచ్చి ఉండేది. ఊరికి వచ్చిన నాటకం వాళ్ళను చూసి గడ్డివామి చాటున ఒంటరిగా ఆడుకునేది. తండ్రి చూసి చెవి మెలిపెట్టాక మానేసింది. ఆ చెవి నొప్పి ఆమెకు ఇంకా తగ్గలేదనే చెప్పాలి. లేకపోతే అంత పెద్ద అబద్ధం అంత తేలికగా నోటికి రాదు.

దేవుడి గూటి ముందు దీపం వెలుగుతుండగా నిలబడి అత్తగారితో చెప్పింది. వెంకటరమణస్వామికీ, నంది ఈశ్వరుడికీ మొక్కుకున్నాననీ, రంగప్రవేశం నిర్విఘ్నంగా జరిగేదాకా పిల్ల వారానికి రెండు ఒక్కపొద్దులు ఉంటుందనీ. గొంతు వణకలేదు. సుబ్బలక్ష్మమ్మ రెండు చేతులూ కళ్ళకు అద్దుకుంది. మొక్కన్నాక ఆ ఇంట్లో ఇంకెవరూ నోరెత్తరు. మండీలో పదిమందిని హడలెత్తించే ముద్దుకృష్ణయ్య కూడా ఎత్తడు.

రెండు మూడయ్యాయి, మూడు నాలుగయ్యాయి. ఒక్కపొద్దుంటే రాత్రికి దోసెనో ఉప్మానో తినడం ఆ ఇంటి ఆచారం. అది గుప్పెడు బొరుగులకూ గ్లాసు మజ్జిగకూ దిగింది. రంగప్రవేశం రవిక కుట్టే దర్జీ, కొలత రెండుసార్లు తగ్గించాల్సి వచ్చిందమ్మా అన్నప్పుడు ఆమె సంతోషం చూడాల్సింది. దర్జీకి కాఫీ పెట్టి ఇచ్చింది.

*

గురువారం తొమ్మిది గంటల బస్సుకు మేష్ట్రు వచ్చాడు. పిల్ల పక్కన కాసేపు కూర్చుని నాడి చూశాడు. ఆమె పాదాలు పట్టుకుని వేళ్ళు ఒక్కొక్కటీ నిమిరాడు. కాంచన ఆయనతో కూడా మాట్లాడలేదు. లేచి వెళ్ళేటప్పుడు అరుగు దగ్గర ఆగి, లోపల ఉన్న సుబ్బలక్ష్మమ్మకు వినపడనంత తగ్గుగా గిరిజమ్మతో అన్నాడు.

"ఆటకు ముందు కడుపు నిండా తినొద్దని చెప్పింది నేనే గిరిజమ్మా. ఆట అయినాక ఏమి పెట్టమన్నానో అది మర్చిపోయినావు."

మర్చిపోలేదు. మేష్ట్రు ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ఆయన గురువుల కాలం నుంచీ వస్తున్నది. ఆట ముగించి గజ్జె విప్పిన పిల్లకు ముందు తిండి, తర్వాతే మాట. మేష్ట్రు భార్య రాగి అంబలి చెంబులతో పోసేది. వేరుశనగలూ బెల్లమూ దోసిళ్ళలో పెట్టేది. పిల్లలు పెరట్లో గుండ్రంగా కూర్చుని, ఎవరి మూతికి ఎంత అంబలి అంటిందో చూసుకుని నవ్వుకుంటూ తాగేవాళ్ళు. కాంచన చెంబు అందుకోబోతే గిరిజమ్మ అడ్డం వచ్చి, దానికి ఈ పొద్దు ఒక్కపొద్దమ్మా అనేది. కాంచన వసారాలో ఒక్కతే కూర్చుని ఆట చీరను మడత పెట్టేది. మడత పెట్టిన చీరను విప్పి మళ్ళీ మడత పెట్టేది.

"మొక్కు లేదన్న సంగతి ఇంట్లో చెప్పొద్దని నువ్వు కార్తీకంలో నా దగ్గర మాట తీసుకుంటివి. బంగారంలాంటి పిల్ల, ఆట యాడ మాన్పిస్తారోనని నేనూ నోరు మూసుకుంటి. సగం తప్పు నాది" అన్నాడు మేష్ట్రు. "ఇంక మూసుకోలేను. నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

గిరిజమ్మ చేతులు జోడించింది. ఒక్క రెండు దినాలు ఆగమంది. పిల్ల లేచి తిరిగితే తానే చెప్తానంది. ఆయన ఒప్పుకున్నట్టూ తల ఊపలేదు, ఒప్పుకోనట్టూ ఊపలేదు. ఆమె తెచ్చిన కాఫీ ముట్టకుండానే మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఆ కాఫీని ఆమె తూములో పారబోసింది.

వంటింట్లోకి వస్తే అక్కడ ఇంకో కాఫీ గ్లాసు చల్లారి ఉంది. అది సుబ్బలక్ష్మమ్మది. ఆవిడ పొద్దున్నుంచీ ఏమీ ముట్టలేదని గిరిజమ్మకు అప్పుడు తట్టింది. ఏమైందని అడిగితే, దేవుడి గూటి ముందు కూర్చున్న మనిషి నిమ్మళంగా చెప్పింది.

"నాకు అరవై ఐదేండ్లు. తినాల్సిందంతా తిన్నా. ఈ పొద్దు నుంచి దాని ఒక్కపొద్దులు నేనుంటా. నాలుగు దినాలు కాదు, రంగప్రవేశం దాకా అన్ని దినాలూ ఉంటా. దేవుడు ఒప్పుకోడా?"

"అత్తా, వద్దు. మీకు కండ్లు తిరుగుతాయి."

"పిల్లకు తిరిగినాయి గదా" అంది సుబ్బలక్ష్మమ్మ.

 ఒక ప్రాణం చాలక రెండో ప్రాణం కూడా తన అబద్ధం చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. ఇప్పుడైనా చెప్పేయాలి. నోటిదాకా వచ్చింది. అంతలో వాకిట్లో చెప్పుల చప్పుడయింది.

*

ముద్దుకృష్ణయ్య గుడి నుంచి వచ్చాడు. మండీ తాళం కూడా తీయకుండా, తల్లి ఒక్కపొద్దు సంగతి అడగడానికి నేరుగా అర్చకుల దగ్గరికి వెళ్ళాడట. ముఖంలో రెండు రోజుల తర్వాత కొంచెం వెలుగు కనిపించింది. చెప్పులు విప్పుతూనే చెప్పాడు.

"ఒకరి మొక్కు ఒకరు మోయడానికి లేదంటమ్మా. మొక్కుకున్నోళ్ళే టెంకాయ తీసుకోని పోయి, పిల్లకు బాగలేదు, విడిపించు సామీ అని అడగల్ల అంట. తీర్థం తెచ్చి పిల్ల నోట్లో పోస్తే మొక్కు దిగిపోతాది. ఇంతే. గిరిజా, నీళ్ళు పోసుకోని పా."

ఇంతే. గిరిజమ్మకు గుండె మీది బండ ఎవరో దొర్లించినట్టయింది. ఒక్క టెంకాయ. గుడికి వెళ్ళి, కళ్ళు మూసుకుని, తీర్థం పట్టుకుని వస్తే చాలు. పిల్ల తింటుంది. అత్తగారు కాఫీ తాగుతుంది. మేష్ట్రుకు మళ్ళీ నాలుగు మాటలు చెప్పి ఒప్పించవచ్చు. ఎవరికీ ఏమీ తెలియదు. తప్పు చేసినవాళ్ళకు దారి ఇంత సుళువుగా దొరకడం మంచిది కాదేమో అని కూడా ఆ క్షణాన ఆమెకు తోచలేదు. గబగబా వెళ్ళి తలమీద నీళ్ళు పోసుకుంది.

తడి జుట్టు ముడి వేసుకుని వచ్చేసరికి సుబ్బలక్ష్మమ్మ పళ్ళెం సిద్ధం చేసి పెట్టింది. టెంకాయకు పసుపు పూసింది. పూలు పెట్టింది. తమలపాకులు పేర్చింది. పళ్ళెం కోడలి చేతికి ఇచ్చి, వెంటనే వదలకుండా పట్టుకుంది.

"గిరిజా, నిన్ను నేను శానా మాటలన్నా. పిల్లకు ఆట నేర్పించి బజారుకెక్కిస్తాందని మా తమ్ముడితో గూడా అన్నా. నీ లోపల ఇంత భక్తి ఉండాదని నాకు తెల్లేదు. మనసులో పెట్టుకోవద్దమ్మా."

కాపురానికి వచ్చి పదహారేళ్ళు. ఆవిడ నోట కోడలిని 'అమ్మా' అన్న పిలుపు అదే మొదటిసారి.

గిరిజమ్మ పళ్ళెం కింద పెట్టేసింది. పెట్టాలని అనుకుని పెట్టలేదు. ఇంక పట్టుకోలేకపోయింది.

"నేను పోను" అంది.

"ఎందుకు పోవు?" అన్నాడు ముద్దుకృష్ణయ్య.

"పోయి అడగడానికి ఏమీ లేదు. నేను ఏ దేవునికీ మొక్కుకోలేదు."

ఇద్దరూ ఆమెను చూశారు. అర్థం కాలేదు వాళ్ళకు. అందుకని మొదటి నుంచీ చెప్పాల్సి వచ్చింది. ఛత్రంలో ఆడవాళ్ళ మాట చెప్పింది. చేతి రుమాలు సంగతి చెప్పింది. పిల్ల నడుము సన్నబడాలని ఒక్కపొద్దులు పెట్టినట్టు చెప్పింది. రెండు ఎట్లా నాలుగయ్యాయో, బొరుగులు గుప్పెడికి మించకుండా తానే కొలిచి పెట్టినట్టూ చెప్పింది. ఏడవకుండా చెప్పింది. ఏడిస్తే వాళ్ళు జాలిపడతారేమోనని భయం వేసింది. ఆ జాలి తనకు చెందదని ఆమెకు తెలుసు.

చెప్పడం అయిపోయింది. వీధిలో ఎవరో ఎద్దుల్ని అదిలించడం వినిపించింది.

ముద్దుకృష్ణయ్య అరుస్తాడనుకుంది. అరవలేదు. అరిచి ఉంటే కొంత నయంగా ఉండేది.

"మన మండీలో హమాలీలు గూడా ముద్ద తినకుండా మూట ఎత్తరు" అన్నాడు. "నువ్వు పిల్లను ఉత్త కడుపుతో ఎగిరించినావు." కండువా తీసి భుజం మీద వేసుకున్నాడు. రంగప్రవేశం మాట ఇంక ఈ ఇంట్లో ఎత్తొద్దని చెప్పి, వెళ్ళి వీధి అరుగు మీద కూర్చున్నాడు. మండీకి పోలేదు. లోపలికీ రాలేదు.

సుబ్బలక్ష్మమ్మ కింద పెట్టిన పళ్ళెం వైపే చూస్తోంది. ఒక్క మాట అడిగింది.

"దీపం ముందర నిలబడి చెప్పినావు గదే?"

గిరిజమ్మ తల వంచుకుంది. పదహారేళ్ళకు వచ్చిన ఆ 'అమ్మా' అన్న పిలుపు ఎంతసేపు నిలిచిందో ఆమె లెక్క చూసుకోలేదు. నిలవకూడదనే కదా చెప్పింది.

*

పడసాలలోకి వెళ్ళేసరికి కాంచన లేచి కూర్చుని ఉంది. గోడకు ఆనుకుని, దుప్పటి మోకాళ్ళ మీదికి లాక్కుంది. అంతా విన్నదని ఆ కూర్చోవడంలోనే తెలుస్తోంది.

గిరిజమ్మ వేడి సంగటి కొత్తగా కంచంలో పెట్టి తెచ్చింది. కంచం కూతురి ముందు పెట్టి తానూ నేల మీద కూర్చుంది. అనాలనుకున్న మాటలు దారిలో కూడబెట్టుకుంది. మొక్కు లేదు, దేవుడికి నీ మీద కోపం రాదు, వస్తే గిస్తే నా మీద వస్తుంది, నువ్వు తిను అని. అవన్నీ ఒక్క ఊపిరిలో చెప్పేసింది.

కాంచన కంచం వైపు చూడలేదు.

"మొక్కు లేదని నాకు తెల్సు."

గిరిజమ్మ సరిగా వినలేదేమో అనుకుంది.

"కార్తీకంలోనే తెల్సు. మేష్ట్రింట్లో నువ్వు చెప్తాంటే విన్నా. నేను లోపల గజ్జెలు విప్పుకుంటాంటి."

కార్తీకం, మార్గశిరం, పుష్యం. మూడు నెలలు. మూడు నెలల ఒక్కపొద్దులు దేవుడి కోసం కాదని తెలిసే ఉన్నది పిల్ల. ప్రతి ఒక్కపొద్దు నాడూ స్నానం చేసి, అవ్వ పక్కన నిలబడి గూటికి దండం పెట్టింది. ఒక్కనాడు కూడా అవ్వ ముందు తల్లిని పట్టివ్వలేదు.

"తెలిసి మరి ఎందుకుంటివే తల్లీ? నాతో కొట్లాడకపోతివా? అవ్వతో చెప్పకపోతివా?"

కాంచన ఆలోచించింది. నిందించడానికి మాటలు వెతుక్కుంటున్నట్టు లేదు. బడిలో అడిగిన ప్రశ్నకు సరైన జవాబు చెప్పాలన్నట్టు ఆలోచించింది.

"తినని పొద్దు నా జడ నువ్వే వేస్తావు" అంది. "తిన్న పొద్దు, అవ్వ దగ్గరికి పో అంటావు."

అది అబద్ధం అని గిరిజమ్మ అనబోయింది. అంత నీచపు పని తాను చేయలేదు. కానీ నోరు తెరిచేలోగా ఒక్కొక్క పొద్దూ కళ్ళ ముందుకు వచ్చింది. సోమవారం పొద్దున కొబ్బరినూనె గిన్నె పట్టుకుని, రామ్మా నా బంగారు అని పిలిచిన పిలుపు. బుధవారం పొద్దున, చూడు నాకు చేతి నిండా పని, పో అవతలికి అన్న కసురు. శనివారం నూనె. ఆదివారం కసురు. తనకే తెలియకుండా ఆరు నెలలు అట్లా చేసింది. తాను ఇన్నాళ్ళూ తిండి కొలిచి పెడుతున్నాననుకుంది. కొలిచింది తిండి ఒక్కటే కాదు.

దుఃఖం పొంగుకొచ్చింది. ఈసారి ఆపుకోలేకపోయింది. కూతురి పాదాల మీద చెయ్యి వేసింది. కాంచన కాళ్ళు వెనక్కి తీసుకోలేదు, అట్లాగని కదలనూ లేదు.

"నాయన ఆట మాన్పిస్తాడంటనా?" అని అడిగింది.

"ఇప్పుడు కోపంలో ఉండాడు."

"మాన్పించొద్దని నువ్వే చెప్పల్ల. మొక్కు ఉండాదని నువ్వే గదా చెప్పినావు, ఇది గూడా నువ్వే చెప్పు."

చెప్తానంది గిరిజమ్మ. చెప్తే వినేవాళ్ళు ఆ ఇంట్లో ఇంక ఎవరున్నారో తెలియదు గాని, చెప్తానంది. కొంగుతో ముఖం తుడుచుకుని కంచం కూతురి దగ్గరికి జరిపింది. సంగటి మీద నెయ్యి కరిగి, చుట్టూ పప్పులోకి దిగుతోంది. కాంచన ఇప్పుడు కంచం వైపు చూసింది. చెయ్యి దుప్పటిలోంచి బయటికి వచ్చింది. సన్నటి చెయ్యి. మోచేతి మీద గుంట ఉండే చోట ఎముక కనిపిస్తోంది. చెయ్యి కంచం అంచుదాకా వచ్చి ఆగింది.

"అమ్మా, నువ్వు ఈడ కూర్చోవద్దు."

"నేను పక్కనే ఉంటానమ్మా. నీకు తోడు."

"వద్దు. నేను తింటాంటే నువ్వు నా చెయ్యి చూస్తావు. నువ్వు చూస్తాంటే నాకు దిగదు."

"ఇంక చూడనే. ఒట్టు."

"చూస్తావు" అంది కాంచన. మెల్లగానే అంది. "నీకు తెలీకుండానే చూస్తావు."

ఎప్పుడు వచ్చిందో సుబ్బలక్ష్మమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. కోడలి వైపు చూడకుండా లోపలికి వచ్చి, గోడ పట్టుకుని మనవరాలి పక్కన కూలబడినట్టు కూర్చుంది. గిరిజమ్మకు లేచి వెళ్ళడానికి దారి వదిలింది. ఏమీ అనలేదు. అనకపోవడమే గిరిజమ్మను లేపి బయటికి పంపింది.

పెరటి తలుపు దగ్గరగా వేసి, బట్టలుతికే బండ మీద కూర్చుంది. ఎండ బాగా ఎక్కింది. వీధి అరుగు మీద భర్త దగ్గిన దగ్గు వినిపించింది. లోపల కంచం నేల మీద జరిగిన చప్పుడయింది. అత్తగారు తగ్గు గొంతుతో ఏదో అంది. కాంచన బదులు చెప్పిందో లేదో తెలియలేదు. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు.

తలుపు సందులోంచి పడసాల సగం కనిపిస్తుంది. గిరిజమ్మ లేచి రెండడుగులు వేసింది. చెయ్యి తలుపు మీద పడ్డాక గాని తాను చేస్తున్న పని ఆమెకు తెలియలేదు.

పిల్ల తింటోందా అని చూడబోవడం లేదు తాను. ఎంత తింటోందో చూడబోతోంది.

చెయ్యి వెనక్కి తీసుకుంది. తలుపుకు వీపు ఆనించి అట్లాగే నేల మీద కూర్చుండిపోయింది. లోపలి నుంచి ఇంకా ఏ చప్పుడూ రాలేదు.